ఏది అసలు కారు? యుద్ధపూర్వ లగ్జరీ కార్ల నంబర్లు, యజమానులు, మరమ్మతులు

1990లో లండన్ హైకోర్టుకు ఒక కారు తగాదా వచ్చింది. బేరం విలువ కోటి పౌండ్లు. 'ఓల్డ్ నంబర్ వన్' అని పేరుపడ్డ ఆ బెంట్లీ స్పీడ్ సిక్స్ 1929లోనూ, 1930లోనూ లెమాన్స్ 24 గంటల రేసు గెలిచింది. కొంటామని ఒప్పుకున్న సంస్థ తర్వాత అడ్డం తిరిగింది. రేసు గెలిచిన కారు ఇది కాదు, మిగిలింది పేరొక్కటే అని దాని వాదన.

ఆ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. ఫ్యాక్టరీ వాళ్ళు ప్రతి సీజనుకూ బండిని విప్పి భాగాలు మార్చేవాళ్ళు. 1932 నాటికి ఆరున్నర లీటర్ల ఇంజన్ పోయి 8 లీటర్ల ఇంజన్ వచ్చింది. అదే ఏడాది బ్రూక్‌ల్యాండ్స్ ట్రాక్ మీద కారు గట్టు దాటి పడిపోయి, నడుపుతున్న క్లైవ్ డన్ఫీ చనిపోయాడు. ఆ తర్వాత దాని మీద పైకప్పు మూసిన కూపే బాడీ ఎక్కింది. జస్టిస్ ఆటన్ భాగాల లెక్క తీయించారు. 1929 కారుదని కచ్చితంగా చెప్పగలిగింది ఏమీ లేదు. 1930 కారు నుంచి పెడల్ షాఫ్ట్, గేర్‌బాక్స్ కేసింగ్, స్టీరింగ్ కాలమ్ మిగిలాయి. ఛాసిస్ ఫ్రేము, ముందు యాక్సిల్, ఇంజన్ 1932 నాటివి. ఇంత తేలాక కూడా తీర్పు అమ్మినవారి పక్షానే వచ్చింది. దీన్ని 'ఒరిజినల్' అనలేం, కానీ ఇది నకలూ కాదు, ముక్కల నుంచి మళ్ళీ పుట్టించిందీ కాదు, నిజమైన ఓల్డ్ నంబర్ వనే అన్నారు న్యాయమూర్తి. ఆయన చూసింది ఎంత లోహం మిగిలిందన్నది కాదు. కారుగా దాని ఉనికి ఎక్కడా తెగిపోలేదు, ప్రతి మార్పూ ముందున్న కారు మీదే జరిగింది, అదంతా చూపించడానికి ఆధారాలున్నాయి.

పాత కార్లలో పునరుద్ధరణ ఒక పని, యాజమాన్య చరిత్ర ఇంకో పని అనుకుంటారు చాలామంది. ఒకటి షెడ్డులో జరిగేది, ఇంకోటి ఫైల్లో ఉండేది అని. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. షెడ్డులో గీకేసిన ప్రతి పొరా ఫైల్లోంచి చింపేసిన ఒక కాగితమే.

ఒక కారు, ఇద్దరు తయారీదార్లు

1930ల్లో రోల్స్‌రాయిస్, డ్యూసెన్‌బర్గ్, ఇస్పానో స్విజా వంటి కంపెనీలు చాలావరకు ఛాసిస్‌నే అమ్మేవి. ఇంజన్, గేర్‌బాక్స్, యాక్సిళ్ళు, రేడియేటరు, బానెట్ వరకు కంపెనీవి. పైన కూర్చునే బాడీని కొన్నవాళ్ళు వేరే కోచ్‌బిల్డరు దగ్గర చేయించుకునేవారు. ఇంగ్లండులో బార్కర్, హూపర్, పార్క్ వార్డ్, ఫ్రాన్సులో ఫిగోనీ, అమెరికాలో మర్ఫీ అలాంటివే. 1929లో డ్యూసెన్‌బర్గ్ మోడల్ జె ఒట్టి ఛాసిస్ ధరే 8,500 డాలర్లు. బాడీ ఖర్చు దాని పైన.

అందువల్ల ఒకే కారుకు కనీసం మూడు నంబర్లు ఉంటాయి: ఛాసిస్‌ది, ఇంజన్‌ది, బాడీది. రిజిస్ట్రేషన్ నంబరు నాలుగోది. రోల్స్‌రాయిస్ వాళ్ళు కారును ఛాసిస్ నంబరుతో గుర్తుపడతారు. డ్యూసెన్‌బర్గ్ వాళ్ళు 'జె' తో మొదలయ్యే ఇంజన్ నంబరుతో పిలుస్తారు. ఏ కంపెనీకి ఏ నంబరు ప్రాణమో తెలియకుండా 'నంబర్లన్నీ కలిశాయి' అన్న మాటకు అర్థం లేదు.

బాడీలు మాత్రం స్థిరంగా ఉండేవి కావు. పదేళ్ళకు ఫ్యాషన్ మారితే మంచి ఛాసిస్ మీద కొత్త బాడీ ఎక్కించడం అప్పట్లో మామూలే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెట్రోలు కరువులో పెద్ద లిమోజీన్లను అడిగే నాథుడు లేక కొన్ని శవవాహనాలయ్యాయి, కొన్ని గ్యారేజీల్లో బండ్లు లాగే ట్రక్కులయ్యాయి. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఇంకో రకం నష్టం జరిగింది. టాపు లేని టూరర్‌కు ధర ఎక్కువ పలుకుతుంది కాబట్టి, బాగానే ఉన్న నాలుగు తలుపుల సెలూన్ బాడీలను పీకి పారేసి వాటి స్థానంలో కొత్తగా చేసిన తెరిచిన బాడీలు పెట్టారు. అలాంటి కారు ఛాసిస్ నిజం, ఇంజన్ నిజం, కంటికి కనబడేదంతా కొత్తది. అమ్మకం ప్రకటనలో '1933 టూరర్' అని ఉంటుంది. 1933లో టూరర్‌గా బయటికొచ్చిందా, 1975లో టూరర్‌గా మారిందా అని అడిగితే గానీ సంగతి బయటపడదు.

అడగడానికి చోట్లు ఉన్నాయి. రోల్స్‌రాయిస్ ఛాసిస్ కార్డులు ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైర్‌లో, పాలర్స్‌పరీ ఊళ్ళోని హంట్ హౌస్‌లో ఔత్సాహికుల క్లబ్బు దగ్గర భద్రంగా ఉన్నాయి. ఛాసిస్‌ను ఎవరు ఆర్డరిచ్చారు, ఏ కోచ్‌బిల్డరుకు పంపారు, ఇంజన్ నంబరెంత అన్నవి వాటిలో దొరుకుతాయి. ఆబర్న్ కార్డ్ డ్యూసెన్‌బర్గ్ క్లబ్బు కార్లను పరిశీలించి, ఎంతవరకు అసలువో కేటగిరీల వారీగా ధ్రువీకరిస్తుంది. కారు కొనకముందు చేయాల్సిన మొదటి పని ఈ కాగితాలు తెప్పించుకోవడం. కొన్నాక తెప్పించుకునేవాళ్ళే ఎక్కువ.

నంబరు పలక ఒక్కటే చూసి మోసపోకూడదు. బల్క్‌హెడ్ మీద, అంటే ఇంజన్‌కూ సీట్లకూ మధ్య ఉండే అడ్డుగోడ మీద, నాలుగు స్క్రూలతో బిగించిన ఇత్తడి పలకను మార్చడం పది నిమిషాల పని. ఫ్రేము మీదే గుద్దిన నంబరు చూడాలి. అంకెల ఆకారం ఆ ఫ్యాక్టరీ పంచ్‌లకు సరిపోతోందా, లోతు సమానంగా ఉందా, చుట్టుపక్కల లోహం గ్రైండింగ్ చేసినట్టు పల్చబడిందా అని ఏటవాలుగా లైటు వేసి పరిశీలించాలి. పెయింటు తీసిన రోజునే స్కేలు పక్కన పెట్టి ఫోటో తీయాలి. రెండో పూత పడ్డాక ఆ సాక్ష్యం మళ్ళీ దొరకదు.

ఒక నంబరుకు రెండు కార్లు పుట్టడం కూడా ఉంది. ప్రమాదంలో దెబ్బతిన్న కారు ఫ్రేము ఒకరు కొంటారు, ఇంజన్, గేర్‌బాక్స్, యాక్సిల్ మరొకరు కొంటారు. ముప్పై ఏళ్ళ తర్వాత ఫ్రేము చుట్టూ ఒక కారు, ఇంజన్ చుట్టూ ఇంకో కారు పూర్తవుతాయి. ఇద్దరి దగ్గరా కొంత నిజం ఉంటుంది. అందుకే ఇలాంటి తగాదాలు ఒక పట్టాన తెగవు.

నాలుగు అట్లాంటిక్‌లు

బుగాటీ టైప్ 57 ఎస్‌సీ అట్లాంటిక్ కంటే ఈ చిక్కును బాగా చూపించే కారు లేదు. ఆల్సాస్‌లోని మోల్‌షైమ్ ఫ్యాక్టరీలో జాన్ బుగాటీ ఆధ్వర్యంలో తయారైనవి నాలుగే. ఇంజన్ 3,257 సీసీ, వరుసగా 8 సిలిండర్లు, పైన వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్‌లు రెండు. బాడీ నడుమ ముక్కు నుంచి తోక దాకా రివెట్లు కొట్టిన అంచు ఒకటి పైకి లేచి ఉంటుంది. 1935 పారిస్ ప్రదర్శనలో పెట్టిన నమూనా కారును వెల్డింగుకు లొంగని మెగ్నీషియం మిశ్రమంతో చేసినందువల్ల పుట్టిన అంచు అది. తర్వాతివి అల్యూమినియంతో చేశారు కాబట్టి రివెట్ల అవసరం లేకపోయింది. అంచు మాత్రం అందం కోసం ఉండిపోయింది.

మొదటిది, 57374 నంబరుది, 1936లో లార్డ్ విక్టర్ రోత్‌షీల్డ్‌కు చేరింది. 1971లో వేలంలో 59,000 డాలర్లకు అమెరికాలో చేతులు మారింది. 2003లో అమెరికాలో జరిగే పాత కార్ల పోటీ పెబుల్ బీచ్‌లో మొదటి బహుమతి గెలిచింది. 2010లో ప్రైవేటుగా అమ్ముడైనప్పుడు 3 కోట్ల డాలర్లకు పైనే పలికిందని పత్రికలు రాశాయి. రెండోది, 57453, జాన్ బుగాటీ వాడిన నల్ల కారు. యుద్ధకాలంలో, 1941లో, బోర్డో వైపు తరలించే వాహనాల్లో చేర్చారు. ఆ తర్వాత దాని జాడ లేదు.

మూడోది 57473. 1955లో లెవెల్ క్రాసింగ్ దగ్గర రైలు ఢీకొని కారులోని ఇద్దరూ చనిపోయారు, బండి నుజ్జయింది. 1970ల్లో ఆ శకలాలతో మళ్ళీ నిలబెట్టారు. దానిలో కొత్త లోహం వాటా పెద్దది. ఈ కారును ఏమనాలి? 'ఎంత శాతం అసలుది' అని లెక్కగట్టే పద్ధతి నాకు నచ్చదు. బరువు ప్రకారం లెక్కిస్తే ఫ్రేము గెలుస్తుంది, వైశాల్యం ప్రకారం బాడీ గెలుస్తుంది. ఓల్డ్ నంబర్ వన్ తీర్పు అడిగిన ప్రశ్నే ఇక్కడ పనికొస్తుంది: శకలాలు ఎవరి చేతుల మీదుగా వచ్చాయి, ఏ ముక్క ఏ రోజు మారింది, చూపించగలరా?

నాలుగోది, 57591, పునరుద్ధరణలో అన్నిటికంటే కష్టమైన ప్రశ్న వేస్తుంది. 1938లో లండన్‌లోని యజమానికి నీలి రంగులో, సూపర్‌చార్జరు (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరం) లేకుండా అందింది. మరుసటి ఏడాది ఫ్యాక్టరీకే తిరిగి వెళ్ళి సూపర్‌చార్జరు బిగించుకొచ్చింది. 1988లో డిజైనర్ రాల్ఫ్ లారెన్ కొని పునరుద్ధరణ చేయించారు. నల్ల రంగులో 1990లో పెబుల్ బీచ్ గెలిచింది. ఇప్పుడు దీన్ని ఏ రోజు నాటి కారుగా నిలపాలి? 1938 నాటిది కావాలంటే ఫ్యాక్టరీ వాళ్ళే బిగించిన సూపర్‌చార్జరు పీకాలి. అది అర్థం లేని పని. 1939 నాటిది కావాలంటే నల్ల రంగు పోవాలి. పని మొదలుపెట్టే ముందు ఒక తేదీ రాసుకుని, ఆ తేదీ ఎందుకో రాసి సంతకం పెట్టడం మంచి వర్క్‌షాపుల పద్ధతి. తేదీ లేకుండా మొదలైన పునరుద్ధరణలో డాష్‌బోర్డు ఒక ఏడాదిదీ, దీపాలు ఇంకో ఏడాదివీ అవుతాయి.

విప్పేటప్పుడే చదవాలి

బండిని విప్పడం అంటే నట్లు ఊడదీయడం కాదు, సాక్ష్యం సేకరించడం. రంగుతో మొదలుపెడతారు. తలుపు కీలు కింద, నంబరు పలక వెనక, డాష్‌బోర్డు లోపలి అంచున చేయి సోకని చోటు ఉంటుంది. అక్కడ రూపాయి బిళ్ళంత మేర సన్నని ఎమరీ పేపరుతో తడిపి వాలుగా అరగదీస్తే పొరలు వలయాలుగా బయటపడతాయి. అడుగు ప్రైమరు మీద మొదటి వలయమే సాధారణంగా ఫ్యాక్టరీ రంగు. మెరిసే భాగాలూ మాట్లాడతాయి. క్రోమియం పూత వాహనాల్లోకి వచ్చింది 1920ల చివర్లో. 1925 కారు దీపాలు నీలి ఛాయతో అద్దంలా మెరుస్తుంటే అది తర్వాతి పూత. అప్పటిది నికెల్, కొంచెం పసుపు వెచ్చదనం ఉంటుంది. సీటు కింద పాత పైపింగ్ ముక్క, తలుపు లోపలి చెక్క పలక వెనక పెన్సిలుతో రాసిన బాడీ నంబరు, ఇలాంటివి దొరికితే కాగితాల్లోని ఖాళీలు నిండుతాయి. పాత అప్హోల్స్టరీని గోనెసంచిలో కుక్కి పారేసేవాళ్ళు ఆ నంబరునూ పారేస్తున్నారు.

ఈ బాడీల్లో చాలావాటికి లోపల యాష్ కలప చట్రం, పైన అల్యూమినియం లేదా ఉక్కు రేకు. చట్రం పాడవడానికి కారణం నీరు ఒక్కటే కాదు. పాత జంతు జిగురు కీళ్ళ దగ్గర వదిలేస్తుంది, ఉక్కు స్క్రూలు తుప్పుపట్టి చుట్టూ ఉన్న కలపను తినేస్తాయి. తలుపు సగం తెరిచి చేతిపిడి దగ్గర పైకి ఎత్తి చూస్తే తెలుస్తుంది. కీలు దగ్గర కదిలితే కీలు పిన్ను అరిగింది. కీలుతో పాటు స్తంభమే కదిలితే కలప పోయింది.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు రేకు మొత్తం ఒకేసారి ఊడదీయడం. రేకు, కలప ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. రెండూ విడిపోయాక ఆకారం ఎవరికీ గుర్తుండదు. బాడీని ఛాసిస్ మీదే ఉంచి, తలుపుల ఖాళీల్లో అడ్డంగా ఇనుప పట్టీలు బిగించి, ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోవాలి. కుళ్ళిన భాగం మాత్రమే కోసి, 1:8 వాలుతో ఏటవాలు అతుకు వేస్తే పాత కలప చాలావరకు నిలుస్తుంది. కొత్త కలపలో తేమ 10 నుంచి 12 శాతం మధ్య ఉండాలి. పచ్చి కలప వాడితే రంగు వేసిన ఆరు నెలలకు అతుకుల గీతలు పైకి తేలతాయి. తలుపుల సందులు తుది సరి చేసేది ఇంజన్, అద్దాలు అన్నీ ఎక్కి, బండి తన చక్రాల మీద నిలబడ్డాకే. స్టాండ్ల మీద సరిచేసిన సందులు రోడ్డు మీద మూసుకుపోతాయి.

అల్యూమినియం రేకు ఉక్కును నేరుగా తాకితే, మధ్యలో తేమ చేరగానే అల్యూమినియం తెల్ల పొడిగా రాలుతుంది. మధ్యలో ఇన్సులేషన్ పొర తప్పనిసరి. ఎనభై ఏళ్ళుగా దెబ్బలు తిన్న రేకు గట్టిపడి ఉంటుంది, అలాగే సుత్తి వేస్తే అంచులు పగులుతాయి. ముందు మెత్తబరచాలి. అల్యూమినియం వేడెక్కినా ఎర్రబడదు, ఒక్కసారిగా కరిగి కారిపోతుంది. అందుకని రేకు మీద బట్టల సబ్బు రుద్ది, వెనక నుంచి మెత్తని మంటతో నెమ్మదిగా వేడి చేస్తారు. సబ్బు గోధుమ రంగు దాటి నల్లబడగానే మంట తీసేస్తారు. ఆ క్షణం దాటితే రేకుకు చిల్లే.

ఇంజన్ దగ్గర అసలు పరీక్ష వైట్‌మెటల్ బేరింగులు. ఇప్పటి షెల్ బేరింగుల్లా డబ్బాలోంచి తీసి బిగించేవి కావు. తగరం ఎక్కువగా, ఆంటిమొనీ, రాగి కొద్దిగా ఉన్న లోహాన్ని కాంస్యం లేదా ఉక్కు గిన్నెలో కరిగించి పోస్తారు. పాత లోహం కరిగించి తీసేశాక గిన్నెకు కళాయి వేయాలి. పనంతా నిలిచేది, పోయేది దీని మీదే. చమురు మరక ఒక్కటి మిగిలినా అక్కడ లోహం అతకదు. గిన్నెను ముందే వేడి చేసి, సుమారు 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆపకుండా ఒకే ధారగా పోసి, వెనక వైపు నుంచి చల్లబరచాలి. చల్లారాక వేలాడదీసి సుత్తితో తడితే ఖంగుమనాలి. మొద్దుగా మోగితే అతకలేదన్నట్టే, మళ్ళీ కరిగించాల్సిందే. ఆ తర్వాత అన్ని బేరింగులనూ ఒకే వరుసలో బోరు చేస్తారు. షాఫ్టు వ్యాసం అంగుళానికి అంగుళంలో వెయ్యో వంతు చొప్పున సందు ఉంచడం పాత లెక్క. రెండున్నర అంగుళాల జర్నల్‌కు (బేరింగులో తిరిగే షాఫ్టు భాగానికి) 0.0025 అంగుళం, అంటే 0.06 మిల్లీమీటరు.

ఇంత చేసినా, క్రాంక్‌షాఫ్ట్ లోపలి బోలు గదుల్లో దశాబ్దాల మడ్డి అలాగే వదిలేస్తే అంతా వృథా. కొత్త డిటర్జెంట్ ఆయిల్ ఆ మడ్డిని కరిగించి కదిలిస్తుంది, అది ఆయిల్ దారుల్లో అడ్డుపడుతుంది, వంద కిలోమీటర్లలో బేరింగు కాలిపోతుంది. ప్లగ్గులు విప్పి శుభ్రం చేశాకే ఏ ఆయిల్ అయినా. గేర్‌బాక్సులో కాంస్యం బుష్‌లుంటే జీఎల్-5 గేర్ ఆయిల్ పోయకూడదు, అందులోని గంధకం సమ్మేళనాలు కాంస్యాన్ని తింటాయి.

రోల్స్‌రాయిస్ ఫాంటమ్ 3 సంగతి ఇక్కడే చెప్పాలి. 1936లో వచ్చిన ఈ 12 సిలిండర్ల, 7.3 లీటర్ల ఇంజన్‌కు హైడ్రాలిక్ టాపెట్లు, అంటే కామ్‌షాఫ్ట్ కదలికను వాల్వులకు అందించే, ఆయిల్ ఒత్తిడితో సందు సరిచేసుకునే భాగాలు. వాటిలోని ఆయిల్ దారులు ఎంత సన్ననివంటే, మురికి ఆయిల్‌తో పూడిపోయి కామ్‌షాఫ్ట్ అరిగిపోయేది. కంపెనీయే 1938లో మామూలు టాపెట్లకు మారింది. చాలా పాత కార్లకూ ఆ మార్పు జరిగింది. 1936 కారులో మామూలు టాపెట్లు కనిపిస్తే తప్పు పట్టాల్సిన పని లేదు. కానీ అది ఎప్పుడు, ఎవరు మార్చారో ఫైల్లో ఉండాలి, తీసిన పాత భాగాలు పెట్టెలో ఉండాలి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో ఆమోదించిన టురిన్ చార్టర్ కూడా ఇదే దారిలో ఉంది: తీసేసిన ముఖ్య భాగాలను బండితో పాటు దాచాలి, కొత్తగా చేసిన భాగాలకు చెరగని గుర్తు వేయాలి.

రంగు గురించి రెండు మాటలు చాలు. అప్పటి నైట్రోసెల్యులోజ్ రంగు పల్చగా, పొర మీద పొరగా పడుతుంది, లోతైన మెరుపు వస్తుంది. రెండు ద్రవాలు కలిపి వాడే ఇప్పటి టూ-ప్యాక్ రంగు గాజులా గట్టిగా ఉంటుంది. కలప చట్రం రోడ్డు మీద కొద్దిగా కదులుతుంది, గట్టి రంగు కీళ్ళ దగ్గర వెంట్రుకవాసి పగుళ్ళిస్తుంది. కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటికంటే ఎక్కువ మెరుస్తుంటే అది పునరుద్ధరణ కాదు, అలంకారం.

ఈ అభిప్రాయం ఇప్పుడు పోటీల న్యాయనిర్ణేతలకూ చేరింది. దశాబ్దాలుగా పెబుల్ బీచ్‌లో గెలిచినవి కొత్తగా మెరిపించిన కార్లే. 2024లో తొలిసారి, పునరుద్ధరించకుండా కాపాడిన కార్ల విభాగం నుంచి ఒకటి అత్యుత్తమ బహుమతి తీసుకుంది. అది 1934 నాటి బుగాటీ టైప్ 59, ఒకప్పుడు బెల్జియం రాజు మూడో లియోపోల్డ్‌ది. ఆయన కాలం నాటి నల్ల రంగు, పసుపు చార మీద ఎవరూ చేయి వేయలేదు.

హక్కు ఎవరిది?

చరిత్ర పక్కాగా ఉన్నంత మాత్రాన హక్కు పక్కాగా ఉన్నట్టు కాదు. 1938 నాటి టాల్బో-లాగో టియర్‌డ్రాప్ కూపే, ఛాసిస్ 90108, 2001లో అమెరికాలోని మిల్వాకీలో దొంగతనానికి గురైంది. విప్పి ఉన్న కారును, దాని భాగాలను, కాగితాలతో సహా ఎత్తుకెళ్ళారు. 2015లో ఒక సంస్థ దాన్ని 70 లక్షల డాలర్లకు పైగా పెట్టి కొంది. మరుసటి ఏడాది ఇల్లినాయ్‌లో రిజిస్ట్రేషన్‌కు వెళితే, దొంగిలించిన వాహనాల జాబితాలో ఆ నంబరు తగిలింది. పాత యజమాని వారసుడు, కారులో వాటా కొన్న మరొకరితో కలిసి దావా వేశాడు. దొంగతనం జరిగి ఆరేళ్ళ గడువు దాటిపోయింది కాబట్టి దావా చెల్లదని కొన్న సంస్థ వాదించింది. 2020లో విస్కాన్సిన్ సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అడిగినప్పుడు తిరిగి ఇవ్వకపోవడం కొత్త తప్పు, గడువు అక్కడి నుంచి లెక్క అంది.

కాగితాలు కూడా కారుతో పాటు పోతే, వాటిని చూపించేవాడే యజమానిలా కనిపిస్తాడు. అందుకే కొనేవాళ్ళు అమ్మేవాడి ఫైలుతో సరిపెట్టుకోరు. కంపెనీ రికార్డు, క్లబ్బు రిజిస్టరు, పాత వేలం పుస్తకాల్లోని ఫోటోలు, చోరీ వాహనాల డేటాబేసు, వీటిని అమ్మేవాడి ప్రమేయం లేకుండా విడిగా తెప్పించి పోల్చుతారు. 1939 నుంచి 1946 మధ్య ఖాళీ ఉంటే కంగారు పడనక్కర్లేదు, యూరప్‌లో చాలా కార్లకు ఆ ఖాళీ ఉంది. 1990 తర్వాత పదేళ్ళ ఖాళీ ఉంటే మాత్రం ఒక్క బోల్టు కూడా విప్పకుండా ఆగడం మేలు.